రెండో బ్రేకు

"పరుగెత్తండి మాస్టారూ," అంది డాక్టరమ్మ.

"ఎవరైనా చూస్తారా?" అని అడిగారు మాస్టారు.

ఎవరూ చూడకుండా పరుగెత్తడం ఎలాగో ఆవిడ చదువుకున్న చదువులో లేదు. పైగా ఊళ్ళో కారు నడిపేవాళ్ళంతా దాదాపుగా మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. ఆ మాటకొస్తే డాక్టరమ్మ కూడా అక్కడే నేర్చుకుంది. ఎత్తు మీద ఆపిన కారుని ముందుకి తీయబోయి, వెనక్కి జారి, స్కూలు గోడ ఇటుకలు రాల్చిన చరిత్ర ఆవిడకుంది. అందుకే ఇప్పటికీ మాస్టారు గదిలోకి వస్తే కుర్చీలోంచి సగం లేస్తుంది.

"పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే కారణం ఒకటే, ఇన్నేళ్ళూ మీరు కూర్చునే ఉన్నారు. మెల్లగానే పరుగెత్తండి. ఒకటో గేరులో. పక్క మనిషితో మాట్లాడగలిగినంత వేగం చాలు," అని ధైర్యం చేసి చెప్పింది.

కూర్చునే ఉన్నారన్న మాట నిజం. మాస్టారిది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఒక గది, ఒక ఖాళీ స్థలం, ఒక కారు. ఆ కారుకి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాలి కింద. ఆ రెండో దాని వల్లే ఆయనకి బ్రేకు మాస్టారని పేరొచ్చింది. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు, ఆవిడకీ ఒక్కోసారి తడుముకోవాల్సి వస్తుంది. పెడలు బాగా అందాలని పక్క సీటుని పూర్తిగా ముందుకి జరిపి పెట్టుకున్నారు. మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనుతూ ఉంటాయి. సీటు జరిపే మీట ఏనాడో తుప్పు పట్టింది. దానితో ఆయనకి మళ్ళీ పనిపడలేదు.

మాస్టారి ఒళ్ళంతా ఒక ఎత్తు, కుడికాలు ఒక ఎత్తు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు తెర మీద ఏ కారైనా వేగంగా మలుపు తిరిగిందంటే చాలు, ఆ కాలు నేలని తొక్కేస్తుంది. సోఫా ముందున్న తివాచీకి సరిగ్గా అక్కడే చిల్లి పడింది. మాస్టారి భార్య ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని ఊరివాళ్ళకి కర్టెన్లు కుడుతుంది. మిగిలిన గుడ్డ పెట్టి ఆ చిల్లికి అతుకు వేసింది. అతుక్కి కూడా చిల్లి పడ్డాక ఊరుకుంది. నిద్రలోనూ ఆయన బ్రేకు వేస్తారు. ఆవిడ అటు తిరిగి, మంచం అంచున పడుకోవడం అందుకే.

ఆ కాలి పుణ్యాన ఎంతమంది ప్రాణాలు దక్కాయో లెక్కలేదు. కన్నకూతురి పరీక్ష పోయింది కూడా ఆ కాలి పుణ్యానే.

అక్కడ లైసెన్సు పరీక్ష పద్ధతి ఇలా ఉంటుంది. నేర్చుకున్నవాళ్ళు స్టీరింగు దగ్గర, మాస్టారు పక్క సీట్లో, పరీక్ష పెట్టే ఆఫీసరు వెనక సీట్లో కూర్చుంటారు. మాస్టారి కాలు రెండో బ్రేకుని తొక్కిందంటే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగి, గంట మోగుతుంది. నేర్పిన మనిషే భయపడ్డాక ఇంక అడగాల్సిందేముందని పరీక్ష అక్కడితో ఆపేస్తారు.

మాస్టారికి ఒక్కతే కూతురు. ఇంట్లో చిట్టి అంటారు గానీ తండ్రి కన్నా జానెడు పొడుగు. అంబులెన్సు ఆఫీసులో ఫోన్లెత్తి, ఏ బండి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఉద్యోగం. చెప్పడం కాదు, ఆ బండి తనే నడపాలని ఆ పిల్లకి మహా కోరిక. కిందటేడు డ్రైవరు పోస్టు ఒకటి ఖాళీ అయింది. లైసెన్సు ఒక్కటే తరువాయి. పరీక్ష రోజున అన్నీ సవ్యంగా చేసింది. ఇంకొక్క మలుపు తిరిగితే అయిపోతుందనగా, ఒక ఇంటి గేటులోంచి బంతి దొర్లుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. ఎర్ర లైటు వెలిగింది. గంట మోగింది. వెనక సీట్లో ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"నేను అప్పటికే తొక్కేశాను నాన్నా," అంది చిట్టి.

"తొక్కి ఉండవు. తొక్కితే నాకు తెలిసేది," అన్నారు మాస్టారు.

చిట్టి కారు దిగి, తలుపు మెల్లగా వేసి, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పోస్టు ఇంకెవరికో వచ్చింది. పరీక్ష పోయిన బాధ ఏదో కొన్నాళ్ళకి తగ్గింది. తండ్రి తన మాట నమ్మలేదన్నది మాత్రం మనసులో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. మళ్ళీ ఆ కారెక్కలేదు. అలాగని ఇంట్లో పోట్లాటేమీ లేదు. "తలుపు వేశావా?" అంటే "వేశాను." "గొడుగేదీ?" అంటే "మేకుకి ఉంది." తండ్రీకూతుళ్ళ మాటలు అంతవరకే. పొద్దున్నే బూట్లు కట్టుకుని ఆఫీసుకి పరుగెత్తుకుంటూ వెళ్ళడం కూడా అప్పుడే మొదలుపెట్టింది.

డాక్టరమ్మ దగ్గర్నుంచి మాస్టారు తిరిగొచ్చిన సాయంత్రం ఆయన భార్య మిషను ఆపకుండానే ఒక కబురు చెవిన వేసింది.

"అంబులెన్సు వాళ్ళు మళ్ళీ డ్రైవరు కోసం చూస్తున్నారట."

"మంచిదేగా."

"చిట్టి పక్క ఊరి స్కూల్లో చేరతానంటోంది."

మాస్టారి కాలు తివాచీని తొక్కింది.

బ్రేకు మాస్టారి కూతురు పక్క ఊరు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుందంటే ఆయనకి తల తీసేసినట్టవుతుంది, అది వేరే సంగతి. అంతకన్నా మింగుడుపడనిది ఇంకొకటుంది. చిట్టి పక్కన ఎవరో కూర్చుంటారు. ఆ ఎవరి కాలో రెండో బ్రేకు మీద ఉంటుంది. ఆ కాలు ఎలాంటిదో ఏమిటో.

"పిల్లని పిలిచి, నాదే పొరపాటమ్మా అంటే పోతుంది కదండీ," అంది భార్య, ఇలా అనడం మొదటిసారి కాదన్నట్టు.

"పొరపాటో కాదో తేలలేదు కదా," అన్నారు మాస్టారు.

తేలలేదు, నిజమే. కానీ ఆయన ఒకటి లెక్క కట్టుకున్నారు. చిట్టి పొద్దున్నే పరుగెడుతుంది. తనని కూడా డాక్టరమ్మ పరుగెత్తమంది. ఇద్దరూ ఒకే రోడ్డు మీద పరుగెడితే ఏదో ఒక మాట దానంతటదే కలవకపోదు. ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు. ఇది ఆరోగ్యం కోసమేనని తనకి తాను గట్టిగా చెప్పుకున్నారు.

బూట్లు కొనడానికి వెళ్తే షాపతను అడిగాడు. "వేగానికి కావాలా మాస్టారూ, దూరానికి కావాలా?"

"ఆగడానికి బాగుండాలి."

అతనూ ఒకప్పుడు మాస్టారి పక్కన కూర్చుని చెమటలు కక్కినవాడే. అందుకని నవ్వకుండా అడుగు దళసరిగా ఉన్న జత తీసిచ్చాడు.

మాస్టారి స్కూల్లో మొదటి పాఠం రోజున కారు కదలదు. సీటు, అద్దాలు, బెల్టు చూసుకుని దిగిపోవడమే. ఆయన తనకీ అదే పద్ధతి పెట్టుకున్నారు. మొదటి రోజు పొద్దున్నే లేచి, బూట్లు కట్టుకుని, గుమ్మం మెట్ల మీద కాసేపు కూర్చుని, విప్పేశారు. రెండో రోజు గేటు దాకా వెళ్ళి, అటూ ఇటూ చూసి వెనక్కి వచ్చారు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఇవాళ్టి పాఠం అంతే."

ఆవిడ ఆయన పాత ప్యాంటు ఒకటి పట్టుకెళ్ళి నడుముకి ఎలాస్టిక్ వేసి ఇచ్చింది. కర్టెన్లకి వేసేదే, గట్టిది.

ఆ తర్వాత స్కూలు ఖాళీ స్థలంలో ప్రయోగం చేశారు. తెల్లవారుతోంది, గోడ చాటు, ఒక్క పురుగు లేదు. అయినా కుడి భుజం మీదుగా వెనక్కి చూశారు, ఎడమ భుజం మీదుగా చూశారు, బయల్దేరుతున్నట్టు చెయ్యి చాపి చూపించారు. ఎవరికి చూపించారంటే చెప్పడం కష్టం. పార్కింగు నేర్పడానికి పెట్టిన కోన్ల మధ్య ఒక చుట్టు పరుగెత్తేసరికి ఆయాసంతో పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ పోలేదు. రెండు మోకాళ్ళ మీదా చేతులు పెట్టుకుని నిలబడి, మాస్టారు కొంచెం సంతోషించారు.

తంటా రోడ్డెక్కాక వచ్చింది. ఇంటి దగ్గర్నుంచి అంబులెన్సు ఆఫీసుకి వెళ్ళే వీధికి రెండు పక్కలా సందులే. మొదటి సందు కనపడగానే కుడికాలు నేలని ఫాట్‌మని తొక్కింది. మనిషి ముందుకి తూలి, నిలదొక్కుకుని, ఆగిపోయారు. సందులో ఏమీ లేదు. మళ్ళీ బయల్దేరారు. రెండో సందు దగ్గర మళ్ళీ ఫాట్. ఒక గేటు తెరుచుకున్నా ఫాట్, గోడ మీంచి పిల్లి దూకినా ఫాట్. వద్దు వద్దని తల చెబుతూనే ఉంది. ఇన్నేళ్ళూ పెత్తనం చేసిన కాలు ఇప్పుడు ఎవరి మాటా వినే స్థితిలో లేదు.

పైగా ఊరంతా శిష్యులు. పక్కనించి వెళ్ళే ప్రతి కారూ నెమ్మదించేది, ప్రతి అద్దమూ దిగేది.

"మాస్టారూ, కారు చెడిపోయిందా?"

"ఎవరైనా తరుముతున్నారా మాస్టారూ?"

బస్సు డ్రైవరైతే మాస్టారు బస్సు కోసమే పరుగెడుతున్నారనుకుని, స్టాపు కాని చోట ఆపి తలుపు తెరిచాడు. లోపలున్న జనమంతా కిటికీల్లోంచి ఆయన కోసం చూస్తున్నారు. ఎక్కకపోతే బాగుండదని మాస్టారు ఎక్కారు. టికెట్టు కూడా కొన్నారు. తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడుచుకుంటూ వచ్చారు.

వీధి మలుపులో పేపర్లమ్మే దుకాణదారు మాత్రం వేళాకోళం చేయలేదు. లావుపాటి మనిషి, మహా మొహమాటస్తుడు. "ఆ బూట్లు ఎక్కడ కొన్నారు మాస్టారూ?" అని మెల్లగా అడిగి, చెప్పాక ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

ఆ వారం ఆఖరికి మాస్టారి ఒళ్ళు హూనమైంది. భార్య బూట్లు దులుపుతూ అడుగులు తిప్పి చూసింది. ఎడమది కొన్నప్పటిలాగే ఉంది. కుడిదాని అంచు అరిగిపోయింది.

"ఒంటికాలి మీద పరుగెడుతున్నారా?" అంది.

చిట్టి ఆ బూట్లని చూసింది.

ఆ మర్నాడు మాస్టారు పేపర్ల దుకాణం దాటాక ఉండే సందు మొదట్లో ఆగి అటూ ఇటూ చూస్తుంటే, వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చి ఆయన పక్కన ఆగింది. చిట్టి. నిలబడ్డచోటే కాళ్ళాడిస్తోంది.

"ఎందుకాగావు?"

"సందు వచ్చింది."

"సందులోంచి ఏమైనా వచ్చిందా?"

"రాలేదు."

"మరి?"

"వస్తే?"

చిట్టి ఆ ఖాళీ సందునీ తండ్రి మొహాన్నీ మార్చి మార్చి చూసి, ముందుకి వెళ్ళిపోయింది. మాస్టారు ఇంటికొచ్చి, పిల్ల తనతో ఇన్ని మాటలు మాట్లాడిందని భార్యకి రెండుసార్లు చెప్పారు.

మర్నాడు ఆయన గేటు తీసేసరికి చిట్టి అక్కడే నిలబడి ఉంది. బూటు తాడు ముడి వేసుకుంటున్నట్టు వంగింది గానీ ఆ ముడి అప్పటికే వేసి ఉంది. ముదురాకుపచ్చ తాళ్ళు, రెండేసి ముళ్ళు. ఇద్దరూ బయల్దేరారు. మొదటి సందు, ఫాట్. చిట్టి నాలుగడుగులు ముందుకి వెళ్ళి తిరిగొచ్చింది. రెండో సందు, ఫాట్. మళ్ళీ వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చింది. అలా ఆ వీధి మొత్తం మీద ఆ పిల్ల వీధికి రెట్టింపు పరుగెత్తింది.

చివరికి విసుగొచ్చి అంది. "నాన్నా, రోడ్డు చూడకు."

"రోడ్డు చూడకుండా ఎలా?"

"నా కాళ్ళు చూడు. నా వెనకాలే రా. నేను ఆగితే ఆగు."

"నువ్వు ఆగకపోతే?"

"ఆగక్కర్లేదన్నమాట."

ఇది మాస్టారికి బొత్తిగా నచ్చలేదు. రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పినందుకు ఆయన ఎంతమందిని తిట్టారో! కానీ కాదంటే ఈ పిల్ల రేపు గేటు దగ్గర ఉండదేమోనని భయం వేసింది. తల దించుకుని ఆ బూట్లనే చూస్తూ బయల్దేరారు. మొదటి సందు వచ్చినట్టు కంటి చివర్న తెలిసింది, కాలు బిగుసుకుంది, ఫాట్. చిట్టి తిరిగొచ్చింది. మళ్ళీ మొదలు. మర్నాడూ అంతే. ఇంకొన్నాళ్ళూ అంతే. చిట్టి తిరిగి తిరిగి వచ్చిందే గాని ఒక్కసారీ మానేయలేదు.

తర్వాతొకరోజు ఇద్దరూ వీధి చివర దాకా వచ్చి ఆగారు. మాస్టారు రొప్పుతూ తలెత్తి చూస్తే అంబులెన్సు ఆఫీసు గేటు ఎదురుగా ఉంది.

"సందులన్నీ ఏమయ్యాయి?"

"వెనకున్నాయి," అంది చిట్టి.

ఆయన తిరిగి చూశారు. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. ఒక్కదాని దగ్గరా కాలు తొక్కినట్టు గుర్తులేదు. ఎదురుగా ఉన్న స్తంభాన్ని పట్టుకుని, చిట్టికి కనపడకుండా మొహం తుడుచుకున్నారు. చెమటే అనుకోవాలి.

ఆ కాళ్ళని చూస్తూ పరుగెత్తడంలో మాస్టారికి ఒక సంగతి తెలిసొచ్చింది. చిట్టి మడమలు ఉన్నట్టుండి నెమ్మదించేవి. ఎందుకా అని ఆయన తలెత్తేలోపు పాలవ్యాను మలుపు తిరిగి వచ్చేది, లేదంటే ఎవరో సైకిలు మీద అడ్డం వచ్చేవారు. ప్రతిసారీ అంతే. బండి తర్వాత, మడమలు ముందు. ఈ పిల్లకి తన కన్నా ముందే తెలుస్తోంది! మొదట ఆయనకి అది కాస్త అవమానంగా తోచింది. తర్వాత ఇంకొకటి తోచింది. ఆ రోజు బంతి వచ్చినప్పుడు తను చూసింది బంతిని. చిట్టి కాలిని కాదు. చిట్టి కాలినే కాదు, ఇన్నేళ్ళలో పక్కన కూర్చున్న ఏ ఒక్కరి కాలినీ చూసిన పాపాన పోలేదు. చూడని దాని గురించి "తొక్కి ఉండవు" అని ఆఫీసరు ఎదురుగా తీర్పు చెప్పేశారు.

ఇది చిట్టితో చెప్పాలని గట్టిగా అనుకున్నారు. ఆ మర్నాడు పరుగెడుతూ నోరు తెరిచారు. "చిట్టీ..." అన్నారు.

"ఊఁ."

"ఈ రోడ్డు బాగుచేశారే."

పక్క మనిషితో మాట్లాడగలిగేదే సరైన వేగమని డాక్టరమ్మ చెప్పింది. మాస్టారికి ఏ వేగంలోనూ ఆ మాట బయటికి రాలేదు.

అలా ఉండగా ఒకరోజు అంబులెన్సు ఆఫీసు గేటు దగ్గర ఆగాక చిట్టి తల తిప్పకుండానే అంది. "వచ్చే వారం పరీక్షకి పేరిచ్చాను. మన కారులోనే."

మాస్టారు చటుక్కున చిట్టి వైపు తిరిగారు. "పక్క ఊరన్నావటగా?"

"వాళ్ళ కారు క్లచ్చు బాగాలేదు."

"మన క్లచ్చు మొన్ననే మార్పించాను," అన్నారు మాస్టారు.

"తెలుసు," అని చిట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంతోషం మాస్టారికి సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కాలు అక్కడే ఉంది కదా! వీధిలో మాట విన్నదని కారులో వింటుందని ఏమిటి నమ్మకం? మళ్ళీ గంట మోగిందంటే ఈసారి పిల్ల పక్క ఊరి స్కూలుకి కాదు, పక్క ఊరికే వెళ్ళిపోతుంది. పరీక్ష ముందు రోజు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగారు.

"ఆ కాలిని సీటుకి కట్టేసి కూర్చుంటే?" అని భార్యని అడిగారు.

"కర్టెను తాడు ఇవ్వనా?" అంది ఆవిడ. ఆవిడ నవ్వడం లేదు. "ఇన్నేళ్ళూ అందరినీ కాపాడాలనే కదండీ ఆ కాలు అలా అయింది. పిల్లకి ఆ సంగతి తెలుసు. మీరు నమ్మారో లేదో, అదే దానికి తెలియాలి," అంది. ఆ తర్వాత తాడు మాట ఎవరూ ఎత్తలేదు.

పరీక్ష రోజు వచ్చింది. అదే కారు, అదే వీధి, అదే ఆఫీసరు. వెనక సీట్లో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "బయల్దేరండి," అన్నాడు. మాస్టారు మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనించి, కుడికాలు ఎప్పటిలాగే పెడలు మీద గాల్లో పెట్టి కూర్చున్నారు. చిట్టి అద్దాలు చూసుకుంది, సిగ్నలు వేసింది, కదిలింది. మొదటి సందు. మాస్టారి కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. రెండో సందు. కాలికీ పెడలుకీ మధ్య కాగితం పట్టేంత ఎడం ఉంది. ఇంక లాభం లేదు, అయిపోయింది, తొక్కేస్తాను అనుకున్నారు. అనుకుని, రోడ్డు చూడటం మానేసి తల దించారు.

చిట్టి బూట్లు కనపడ్డాయి. పరుగెత్తే బూట్లే వేసుకొచ్చింది. ముదురాకుపచ్చ తాళ్ళు, రెండేసి ముళ్ళు. ఆ బూట్లు ఆయనకి బాగా తెలిసినవి. వాటి వెనక ఈ వీధి మొత్తం పరుగెత్తారు. వాటినే చూస్తూ కూర్చున్నారు. ఊపిరి కాస్త కుదుటపడింది.

పేపర్ల దుకాణం మలుపు దగ్గర ఆ కుడి బూటు యాక్సిలరేటరు వదిలి పక్కకి తిరిగింది, బ్రేకు మీద దిగింది, మెత్తగా, అనుమానం లేకుండా. కారు నెమ్మదించింది. వెనక సీట్లో ఆఫీసరు "హమ్మో" అన్నాడు. అప్పుడు మాస్టారు తలెత్తారు.

సందులోంచి పేపర్ల దుకాణదారు వస్తున్నాడు. కాళ్ళకి కొత్త బూట్లు. అడుగు దళసరిగా ఉన్న రకం. అతను పరుగెడుతున్నాడు, తల వంచుకుని తన బూట్లనే చూసుకుంటూ, అటు చూడకుండా, ఇటు చూడకుండా, రోడ్డుకి అడ్డంగా. కారు ముందు నుంచి ఒక పద్ధతిగా రొప్పుకుంటూ అవతలి పక్కకి వెళ్ళిపోయాడు. కారు ఉన్నట్టే అతనికి తెలియదు.

మాస్టారు లైటు వైపు చూశారు. లైటు వెలగలేదు. కాలి వైపు చూసుకున్నారు. ఉన్నచోటే గాల్లో ఉంది.

"పోనివ్వండి," అన్నాడు ఆఫీసరు, ఫ్లాస్కు మీద పడ్డ చెయ్యి తీసుకుంటూ.

చిట్టి పోనిచ్చింది. ఆఖరి మలుపు తిరిగింది, ఎత్తు మీద ఆపి జారకుండా తీసింది, రెండు కోన్ల మధ్య ఒక్కసారికే పెట్టింది. ఆఫీసరు కాగితం మీద సంతకం చేసి ఇచ్చి, "మీరు పరీక్షలో తల దించుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి చూడటం మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగి దిగిపోయాడు.

కారులో ఇద్దరే మిగిలారు. చిట్టి ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. మాస్టారు కూర్చునే ఉన్నారు గానీ వీధి చివర దాకా పరుగెత్తి వచ్చినంతగా రొప్పుతున్నారు.

"ఆ రోజు కూడా నువ్వే ముందు తొక్కావు," అన్నారు.

చిట్టి తండ్రి వైపు తిరిగింది. "చూశావా?"

"లేదమ్మా. ఆ రోజు నేను నీ కాలు చూడనే లేదు. చూడకుండానే అనేశాను. నువ్వు చెప్పావు, నేను నమ్మాల్సింది."

చిట్టి చొక్కా చేతికి ముక్కు తుడుచుకుంది. చిన్నప్పటి అలవాటు, ఎంత చెప్పినా మానలేదు. ఆ తర్వాత తండ్రి మోకాళ్ళ వైపు చూసింది.

"నాన్నా, ఆ సీటు వెనక్కి జరుపుకో. కాళ్ళు చాపుకుని కూర్చుందువుగాని."

"అది జరగదే. మీట తుప్పు పట్టింది."

"లాగి చూడు."

మాస్టారు లాగారు. కదల్లేదు. చిట్టి ఇటు వంగి తనూ ఒక చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి లాగారు. కీచుమని ఊరంతా వినపడేలా ఒక అరుపు అరిచి, సీటు మాస్టారితో సహా వెనక్కి జారి, ఆ చివర ఆగింది.

చిట్టి అద్దాలు చూసుకుంది, సిగ్నలు వేసింది, కారుని ఇంటి దారి పట్టించింది. సందులన్నీ వరసగా వచ్చాయి. ఒక గేటు తెరుచుకుంది. ఒక సైకిలు అడ్డం వచ్చింది. మాస్టారి కుడికాలు ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ ముందుకి వెళ్ళి వెతికింది. ఇల్లు వచ్చేదాకా దానికేమీ అందలేదు.